పేషెంట్లు లేని చోట నర్సు

ఆస్పత్రి నర్సును "నీకక్కడ ఏం పని?" అని ఎవరూ అడగరు. ఫ్యాక్టరీలోనో బడిలోనో చేసే నర్సును మాత్రం చుట్టాలూ అడుగుతారు, పక్కింటివాళ్లూ అడుగుతారు, ఒక్కోసారి జీతమిచ్చే మేనేజరూ అడుగుతాడు. నేను పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో ఆంబులెన్స్ రూమ్ నర్సుగా చేశాను. తర్వాత అదే జిల్లాలో ఒక ఆడపిల్లల గురుకులానికి స్టాఫ్ నర్సుగా వచ్చాను. రెండు చోట్లా నా చుట్టూ ఉన్నవాళ్లు రోగులు కారు. పనికి వచ్చిన మనుషులు, చదువుకోడానికి వచ్చిన పిల్లలు. జీఎన్‌ఎమ్ నర్సింగ్ కోర్సు చదివేటప్పుడు కమ్యూనిటీ హెల్త్ పుస్తకంలో ఫ్యాక్టరీ నర్సు గురించి రెండు పేజీలు, స్కూల్ నర్సు గురించి రెండు పేజీలు ఉండేవి. పరీక్షకు రావని మేం వాటిని వదిలేసేవాళ్లం. ఆ నాలుగు పేజీల మీదే నా ఉద్యోగమంతా గడిచింది.

ఫ్యాక్టరీలో నర్సును పెట్టడం యజమాని దయతో జరిగేది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 45వ సెక్షన్ ఉండేది, దాని ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకు ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉండాలి. ఆ బాక్సు బాధ్యత ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతిలో ఉండాలి. కార్మికులు 500 మంది దాటితే ఆంబులెన్స్ రూమ్, అందులో వైద్య, నర్సింగ్ సిబ్బంది ఉండాలి. 2020లో చేసిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆంబులెన్స్ రూమ్‌కు ఆ 500 అంకెనే ఉంచారు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు కూడా ఈ లెక్కలోకి వస్తారు. ఆ సంగతి కూలీలకే తెలియదు, తెలిసిన వాళ్లు చెప్పరు.

అందరూ అనుకునే పని, అంటే దెబ్బ తగిలితే చూడటం, మాకు లేకపోలేదు. అదీ తేలికైన పని కాదు. ఒక మధ్యాహ్నం కాస్టిక్ లై కంట్లో చిందిన ఒక హెల్పర్‌ను ఇద్దరు పట్టుకొచ్చారు. "సిస్టర్, బండి రెడీ ఉంది, జల్ది పట్నం తీస్కపోతం" అంటూ సూపర్‌వైజరు తొందరపెట్టాడు. బండిని ఆగమన్నాను. కాస్టిక్ సోడా లాంటి క్షారం కంటి లోపలికి దిగుతూనే ఉంటుంది. యాసిడ్ కన్నా దానితోనే ఎక్కువ ప్రమాదం. పట్నం చేరేసరికి గంట పడుతుంది, ఆ గంటలో కన్ను పోతుంది. ఐవాష్ దగ్గర రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని గడియారం చూస్తూ నీళ్లు పోశాను. కనీసం పదిహేను నిమిషాలు పోయాలి, క్షారమైతే ఇంకాసేపు పోసినా మంచిదే. ఆ కాసేపు నన్ను తిట్టని మనిషి లేడు. పట్నంలో కంటి డాక్టరు మాత్రం ముందు అడిగిన ప్రశ్న "ఎంతసేపు కడిగారు?" అనే.

ఇలాంటివి ఎప్పుడో గాని రావు. మిగతా రోజుల్లో వచ్చేవి తలనొప్పి, గొంతు మంట, చేతుల మీద దద్దుర్లు, నడుం నొప్పి. మాత్ర ఇచ్చి, రిజిస్టరులో రాసి పంపేయడమే. నేను చేరేనాటికి ఆ రిజిస్టరులో తేదీ, టైము, పేరు, టోకెన్ నంబరు, బాధ, ఇచ్చిన మందు, సంతకం అని గడులుండేవి. చివర జాగా ఉంటే స్కేలు పెట్టి ఇంకో గడి గీసి "ఎక్కడ, ఏ షిఫ్టు" అని రాయడం మొదలుపెట్టాను. నేను చేసిన ఉద్యోగంలో నిజమైన నర్సింగ్ అంటూ ఏమైనా ఉంటే అది ఆ గడిలోనే ఉంది.

ఒక చలికాలంలో పారాసెటమాల్ స్ట్రిప్పులు మామూలు కంటే తొందరగా అయిపోతున్నాయి. స్టోర్స్ అతను "సిస్టర్, ఇంటికి గిట్ల తీస్కపోతున్నరా?" అని నవ్వాడు. రిజిస్టరు వెనక్కి తిప్పి చూస్తే తలనొప్పులు దాదాపు అన్నీ సీ షిఫ్టువే, అంటే రాత్రి డ్యూటీవి. అందులోనూ ఎక్కువ సెంట్రిఫ్యూజ్ దగ్గర పనిచేసేవాళ్లవి. అక్కడ టోలీన్ అనే ద్రావకంతో తడిసిన మందు ముద్దను స్కూపులతో తీస్తారు. తీసేటప్పుడు వంగాలి. టోలీన్ ఆవిరి గాలి కన్నా బరువు, కిందనే పేరుకుంటుంది. వంగిన మనిషి ముక్కు సరిగ్గా ఆ ఆవిరిలో ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని ప్రొడక్షన్ మేనేజరు దగ్గరికి వెళితే "మీరు గోలీలు ఇయ్యడానికి ఉన్నరా, ఇంజనీరింగు చేయడానికా?" అన్నాడు. సేఫ్టీ ఆఫీసరు కుర్రాడు, కొత్తగా వచ్చినవాడు, మీటరు పట్టుకుని రాత్రి వచ్చాడు. ఆవిరి లాగే బ్లోయరు బెల్టు తెగి ఉంది. మెయింటెనెన్స్ వాళ్ల లాగ్‌బుక్‌లో అది రోజూ "రన్నింగ్" అనే ఉంది. బెల్టు వేశాక ఆ తలనొప్పులు తగ్గాయి. ఆ వారాల్లో మనుషులకు నేనిచ్చిన పారాసెటమాల్ కన్నా ఆ బెల్టే మంచి మందు అని ఇప్పటికీ అంటాను.

చెవుల సంగతి ఇంకా మోసం. కంప్రెసర్ హౌస్‌లో చేసేవాళ్లకు నొప్పి ఉండదు, చీము కారదు. ఇంట్లో టీవీ సౌండు పెంచుతున్నాడని భార్య విసుక్కుంటుంది, అంతే. పెద్ద చప్పుడు వల్ల వచ్చే చెవుడు మొదట 4000 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. మామూలు మాటలు అప్పటికింకా వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు, ఆడియోగ్రామ్ గీతకు తెలుస్తుంది. ఆ పరీక్ష డ్యూటీ దిగి వచ్చినవాడికి చేస్తే తప్పు చూపిస్తుంది. చప్పుడుకు దూరంగా పద్నాలుగు పదహారు గంటలు గడిపాక చేయాలి. ఏడాదికోసారి వ్యానులో వచ్చి ఒక్క పూటలో వందమందిని "చెక్" చేసి పోయే క్యాంపుల వాళ్లకు అంత తీరిక ఎక్కడిది? అందుకే పోయినేడు గీసిన గీతనూ ఈ ఏడాది గీసిన గీతనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒకరు అక్కడే ఉండాలి. పోయిన వినికిడి తిరిగి రాదు. మిగిలినదాన్నే కాపాడుకోవాలి.

ఇక గేటు దగ్గర బోర్డు. మీరు ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా చూసి ఉంటారు, "ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు" అని. అంకె పెరిగితే స్వీట్లు పంచుతారు. నాకు ఆ బోర్డంటే ఒళ్లు మంట. చట్టం ప్రకారం దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు, అంతకు మించి పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు నోటీసు ఇవ్వాలి. అందుకని ఏం చేస్తారంటే, వేలు నలిగినవాణ్ణి మర్నాడే బండి పంపి మరీ పిలిపిస్తారు. సంతకం పెట్టించి ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెడతారు. పని చేసినట్టే, ప్రమాదం జరగనట్టే. నా దగ్గరికి వచ్చి "సిస్టర్, ఫస్ట్ ఎయిడ్ కేసని రాయండి, ఇంట్ల తలుపు సందుల పడ్డదని రాయండి" అన్నవాళ్లున్నారు. నేను రాయలేదు. ధైర్యమెక్కువై కాదు. ఆ ఎంట్రీ మీద ఆ మనిషి ఇల్లు గడవాల్సి ఉంటుంది, అందుకని.

అదెలాగంటే, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లు ఈఎస్ఐ అనే కార్మిక బీమా కిందికి వస్తారు. పనిలో దెబ్బ తగిలి కొన్నాళ్లు మంచాన పడితే వాళ్లకు జీతంలో 90 శాతం దాకా ఈఎస్ఐ ఇస్తుంది. మామూలు జబ్బైతే అంత రాదు. ఆ దెబ్బ పనిలో తగిలిందా, ఇంట్లో తగిలిందా అని తేల్చేటప్పుడు అధికారులు అడిగేది యాక్సిడెంట్ బుక్కునే. ఈఎస్ఐ వాళ్ల భాషలో ఫారం 11 అంటే అదే. అందులో ఒక్క వాక్యం లేకపోతే మనిషి కాళ్లరిగేలా తిరగాలి.

ఈ ఉద్యోగం ఎక్కడ పుట్టిందని వెతికితే ఆవాల ఫ్యాక్టరీ దగ్గర తేలుతుంది. 1878లో ఇంగ్లండులోని నార్విచ్ ఊళ్లో కోల్మన్ అనే ఆవపొడి కంపెనీ ఫిలిప్పా ఫ్లవర్‌డే అనే నర్సును వారానికి 26 షిల్లింగుల జీతానికి పెట్టుకుంది. పొద్దున డిస్పెన్సరీలో డాక్టరుకు సాయం చేసేది, తర్వాత జబ్బు చేసి పనికి రాలేని కార్మికుల ఇళ్లకు వెళ్లి చూసేది. 1895లో అమెరికాలో వెర్మాంట్ మార్బుల్ కంపెనీ కూడా ఏడా మేయో స్టూవర్ట్ అనే నర్సును అలాగే పెట్టుకుంది. ఆమె ఇంటింటికీ సైకిలు మీద తిరిగేది.

బడి నర్సు కథ నాకు ఇంకా ఇష్టం. 1902 నాటి న్యూయార్క్. వలస వచ్చిన పేదల వాడల్లో బడికి డాక్టర్లు వచ్చి పిల్లల్ని చూసేవారు. కళ్లకలకలు, తామర, గజ్జి, పేలు కనిపిస్తే చీటీ రాసి ఇంటికి పంపేసేవారు. ఆ చీటీ చదవడం తల్లికి రాదు, మందు కొనడానికి డబ్బు లేదు. పిల్లవాడు వీధిలో అవే పిల్లలతో ఆడుకునేవాడు, బడి మాత్రం పోయేది. లిలియన్ వాల్డ్ అనే నర్సు తన హెన్రీ స్ట్రీట్ సంస్థ నుంచి లీనా రోజర్స్‌ను ఒక నెలపాటు ప్రయోగంగా పంపింది. నాలుగు బడులు, దాదాపు పదివేల మంది పిల్లలు. రోజర్స్ చేసిందల్లా మందు బడిలోనే వేయడం, సాయంత్రం ఇళ్లకు వెళ్లి తల్లులకు చేసి చూపించడం. నగరం ఇంకొందరు నర్సులను తీసుకుంది. 1902 సెప్టెంబరులో జబ్బుల పేరుతో ఇళ్లకు పంపిన పిల్లలు 10,567 మంది అయితే, మరుసటి సెప్టెంబరుకు 1,101 మంది.

గురుకులంలో చేరినప్పుడు నాకా అంకెలు తెలియవు, గానీ అదే సంగతి గజ్జి నేర్పింది. 5వ తరగతి నుంచి ఇంటర్ దాకా 640 మంది పిల్లలు, నర్సును నేనొక్కదాన్ని. ఒక పిల్ల రాత్రంతా గోక్కుంటే వార్డెన్ మేడమ్ తండ్రికి ఫోన్ చేసి ఇంటికి పంపింది. వారానికి తగ్గి వచ్చింది, పది రోజులకు మళ్లీ అంటుకుంది. అంటుకోక ఏమవుతుంది? దుప్పటి, తువ్వాలు, గౌను, పడుకునే జాగా అన్నీ పంచుకుంటారు. గజ్జికి మందు ఒక పిల్లకు వేస్తే పోదు, గది మొత్తానికి ఒకే రాత్రి వేయాలి. పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రాసుకుని పడుకోవాలి. తెల్లారి స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండేయాలి. వారానికి మళ్లీ ఒకసారి రాయాలి. పురుగు చచ్చినా దురద ఇంకో రెండు మూడు వారాలు ఉంటుంది. ఆ మాట ముందే చెప్పకపోతే "మందు పనిచేయలే మేడమ్" అని పిల్లలు రోజూ రాసుకుంటూనే ఉంటారు. ఆదివారం కలవడానికి వచ్చిన తల్లులకూ ఇదంతా చెప్పాలి, లేకపోతే సెలవుల తర్వాత అది ట్రంకు పెట్టెతో పాటు తిరిగొస్తుంది.

రక్తహీనత ఇంకో పెద్ద పని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 57.6 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి రక్తం తక్కువ. బడి పిల్లలకు వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. ఇచ్చామని టిక్కు పెట్టడం సులువు. పిల్లలు దాన్ని నాలుక కింద పెట్టుకుని బయటికెళ్లి తులసి కోటలో ఉమ్మేస్తారు. ఎందుకంటే ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది. నల్లగా అయితే పేగులు కుళ్లాయని ఎవరో పెద్దపిల్ల చెప్పి ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాకే ఇవ్వడం, నలుపు ఎందుకు వస్తుందో క్లాసులో నిలబడి చెప్పడం, నా మాత్ర నేనూ వాళ్ల ముందే వేసుకోవడం, ఇవి చేశాక తులసి కోటకు ఆ బాధ తప్పింది. అన్నం తినగానే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదని చెప్పినందుకు టీచర్లకు నా మీద కొంచెం కోపం వచ్చింది కూడా.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక నర్సో ఏఎన్‌ఎమ్మో ఉన్న బృందం ఏడాదికోసారి బడికి వస్తుంది. మంచి కార్యక్రమం. గుండెలో రంధ్రం, గ్రహణం మొర్రి లాంటివి దాని వల్ల ఎన్నో బయటపడ్డాయి. కానీ ఏడాదిలో మిగతా రోజులు? లెక్కల పీరియడ్‌కు ముందు తలనొప్పని వచ్చే పిల్లను "బద్ధకం" అని టీచరు పంపేస్తే, ఆరు మీటర్ల దూరంలో చార్టు తగిలించి ఒక్కో కన్ను మూయించి చదివించాను. రెండో వరుస దాటి కిందికి రాలేకపోయింది. మూడేళ్లుగా పక్క పిల్ల నోటుబుక్కు చూసి రాసుకుంటోందట. ఫిట్స్ వచ్చిన పిల్ల చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టకుండా ఆపడానికి వాచ్‌మన్‌తో, వంటమనుషులతో ఎంత వాదించానో. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఈ నాలుగు మాటలూ వంటగది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను.

అన్నీ ఇంత సులువుగా చెప్పుకునేవి కావు. మాటిమాటికీ కడుపునొప్పని వచ్చి, మాత్ర ఇస్తే వేసుకోకుండా, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే పిల్ల ఉంటుంది. సిక్ రూమ్‌లో తలుపు ఉంటుంది, అరవని మనిషి ఉంటుంది, అందుకే వస్తుంది. ఒకరోజు అసలు సంగతి చెబుతుంది. అది సెలవుల్లో ఇంట్లో జరిగింది కావచ్చు, ఇంకెక్కడైనా కావచ్చు. పిల్లల మీద లైంగిక నేరాల గురించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. "బడి పేరు పోతుంది సిస్టర్" అనే మాట ఆ చట్టం ముందు చెల్లదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి పిల్లలు తామే ఫోన్ చేయవచ్చని నేను ఆరో తరగతి నుంచే చెబుతాను.

ఫ్యాక్టరీలో ఈ నమ్మకం సంగతే ఇంకో రూపంలో వస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లు "ఎవరికి షుగరుంది, ఎవరు ప్రెగ్నెంటు, ఒక లిస్టు ఇవ్వండి" అని మామూలుగా అడుగుతారు. రాత్రి డ్యూటీకి, ఎత్తు మీద పనికి పనికొస్తాడా లేదా అన్నంతవరకే నేను చెప్పాలి, జబ్బు పేరు చెప్పకూడదు. ఫిట్స్ ఉన్నవాణ్ణి నిచ్చెన ఎక్కించవద్దని చెప్పడానికి "ఎత్తు మీద పనికి అన్‌ఫిట్" అన్న ముక్క చాలు. హెచ్‌ఐవీ సంగతైతే 2017 చట్టమే ఉంది, బయటపెట్టినా ఆ కారణంతో పనిలోంచి తీసినా చట్టవిరుద్ధం. జీతం మేనేజ్‌మెంటు ఇస్తుంది, నమ్మకం కార్మికుడు ఇస్తాడు. మొదటిది తీసుకుని రెండోదాన్ని అమ్ముకుంటే మర్నాటి నుంచి ఆ గదికి ఎవరూ నిజం చెప్పరు, రిజిస్టరులో మిగిలేది ఉత్త మాత్రల లెక్క.

అలా అమ్ముకోనివాళ్లకు అండ తక్కువ. మాలో చాలామంది ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు మీదే ఉంటారు. ఏడాది చివర సంతకం మేనేజరు చేతిలో ఉన్నప్పుడు ఆ మేనేజరుకు నచ్చని వాక్యం రాయడం కష్టం. ఫ్యాక్టరీ నర్సు రాసిన ఎంట్రీ నకలు నేరుగా ఇన్‌స్పెక్టరుకో ఈఎస్ఐకో వెళ్లే ఏర్పాటు రావాలని, గురుకుల నర్సు వార్షిక రిపోర్టు రాసేది ప్రిన్సిపాల్ కాకుండా వైద్యశాఖ అధికారి కావాలని నా అభిప్రాయం. దానికి ఖర్చు పెద్దగా లేదు.

అంతవరకూ మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లయితే, చిన్న దెబ్బయినా సరే, గేటు దాటకముందే యాక్సిడెంట్ బుక్కులో రాయించండి, రాసింది చదివించుకుని వినండి, ఫోనులో ఫోటో తీసుకోండి. పిల్లల్ని హాస్టల్లో వేసేవాళ్లయితే, ఫీజు కట్టే కౌంటరు దగ్గరికి వెళ్లేముందు సిక్ రూమ్ ఎక్కడుందో అడగండి. దాని తాళం ఎవరి దగ్గరుంటుందో, రాత్రిపూట ఎవరుంటారో అడగండి. పిల్లకు ఫిట్స్, ఉబ్బసం, షుగరు, పడని మందు ఏదున్నా దాచకుండా కాగితం మీద రాసి నర్సు చేతికే ఇవ్వండి. నర్సు లేదంటే, ఎందుకు లేదో ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి.